పాత స్వింగ్ (1930, 40ల నాటి జాజ్ బ్యాండు సంగీతం) అరేంజ్‌మెంట్లు, అంటే ఏ వాయిద్యం ఏ వరస వాయించాలో రాసిన కాగితాలు, ఉన్నదున్నట్టు వాయించాలా, మన బ్యాండుకు తగ్గట్టు మార్చుకోవచ్చా?

ట్రంబోన్_నాన్న:
మా అమ్మాయి ఇక్కడ అమెరికాలో హైస్కూలు జాజ్ బ్యాండులో ట్రంబోన్ వాయిస్తుంది. ఈ వారం జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ రాసిన 'మూడ్ ఇండిగో' మొదలుపెట్టారు. 1930 నాటి పాట. క్లారినెట్ లేదని ఆ వరసను ఆల్టో శాక్సోఫోన్‌కు ఇచ్చారు. స్వరాలు ఒక్కటీ తప్పు పోలేదు, అయినా ఆ పాట వినిపించలేదు. మామూలుగా క్లారినెట్ పైన పలుకుతుంది, ట్రంబోన్ అడుగున ఉంటుంది. ఎలింగ్టన్ దాన్ని తలకిందులు చేశాడు: పైన మ్యూట్ (చప్పుడును మెత్తబరిచే మూత) పెట్టిన ట్రంపెట్, దాన్ని ఆనుకునే మ్యూట్ పెట్టిన ట్రంబోన్, క్లారినెట్ ఎక్కడో లోతున. ఆ దిగులంతా ఆ అమరికలోనే ఉంది. అది కుదరకపోతే వేరే పాట ఎంచుకోవాలి గానీ ఇలా మార్చకూడదని నా పట్టు.

రెండో_ఆల్టో:
అంత పట్టు పడితే ఎలాగండీ? 1935లో, స్వింగ్ రోజుల్లో పేరున్న బెన్నీ గుడ్‌మన్ బ్యాండులో శాక్సోఫోన్లు నాలుగే, ట్రంబోన్లు రెండే. ఇప్పటి బ్యాండులో ఐదు, నాలుగు. మిగిలిన పిల్లల్ని చేతులు కట్టుకుని కూర్చోమందామా? గుడ్‌మన్‌కు పేరు తెచ్చిన 'కింగ్ పోర్టర్ స్టాంప్' అసలు జెల్లీ రోల్ మార్టన్ పియానో పాట. దాన్ని బ్యాండుకు మలిచింది ఫ్లెచర్ హెండర్సన్. ఎలింగ్టన్ సంగతే చూడండి. 1940లో తన ట్రంపెట్ వాద్యకారుడు కూటీ విలియమ్స్ కోసమని ఒక కన్సర్టో (ఒక వాద్యకారుణ్ని ముందు నిలిపే పాట) రాశాడు. ఆ ఏడాదే కూటీ గుడ్‌మన్ దగ్గరికి వెళ్లిపోతే ఆ చోటికి రే నాన్స్‌ను తెచ్చుకున్నాడు. మనిషి మారాడని బ్యాండు ఆగిందా?

మూల_బేస్:
మీరిద్దరూ కాగితం గురించే మాట్లాడుతున్నారు. నాకు చప్పుడు ముఖ్యం. కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ దాదాపు 50 ఏళ్లు యాంప్ (చప్పుడు పెంచే పెట్టె) లేని గిటార్‌తో తాళానికి నాలుగు దెబ్బలు మీటుతూ కూర్చున్నాడు. మా బ్యాండులో బేసీ పాటలు వాయిస్తే గిటార్ ఉందో లేదో తెలిసేది కాదు. ఒక రిహార్సల్లో నేను యాంప్ తీసేసి డబుల్ బేస్ నేరుగా వాయించాను. డ్రమ్మర్ పెద్ద డ్రమ్మును తొక్కడం మాని, పాదంతో తాకీ తాకనట్టు వాయించాడు. గిటార్ వినపడింది. పది లైన్లు పోకముందే ట్రంపెట్లు ఎవరూ చెప్పకుండానే తగ్గాయి. ఐదో శాక్సోఫోన్ చేర్చుకోండి, తప్పులేదు. గొంతు మాత్రం పెంచకండి.

ట్రంబోన్_నాన్న:
ఐదో శాక్సోఫోన్ మాట ఒప్పుకుంటున్నాను రెండో_ఆల్టో గారూ, పిల్లల్ని ఖాళీగా కూర్చోబెట్టడం నాకూ ఇష్టం లేదు. క్లారినెట్ దగ్గర మాత్రం తగ్గను. ఎలింగ్టన్ దగ్గర శాక్సోఫోన్ పట్టినవాళ్లే క్లారినెట్టూ వాయించేవారు. బ్యారిటోన్ శాక్సోఫోన్ వాయించే హ్యారీ కార్నీ కూడా. ఆల్టో వాయించే ఆ అబ్బాయి ఐదో తరగతిలో క్లారినెట్‌తోనే మొదలుపెట్టాడట, అది ఇంకా వాళ్లింట్లోనే ఉందట. సోమవారం తెమ్మని మా అమ్మాయి చేత చెప్పించాను.