మిగ్-21 రెక్క మీద నల్ల గీతలు: విమానమా, గళ్ళ లుంగీయా?

సన్నకుంచె

మొన్న ఆదివారం, ప్లాస్టిక్ కిట్టులతో విమానాల నమూనాలు చేసే మా ఏడుగురం ఎప్పటిలాగే సికింద్రాబాదులో ఒక మిత్రుడి మేడ మీది గదిలో కలిశాం. ఐదు నెలలుగా చేస్తున్న మిగ్-21 ఎఫ్ఎల్‌ని ఆ రోజే మొదటిసారి బల్ల మీద పెట్టాను. 1/48 కొలత, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు; 1971 డిసెంబరు నాటి పచ్చరంగు వేషం. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పిన రాత్రే కిట్టు డబ్బా తెరిచాను. అంత ఇష్టంగా మొదలుపెట్టిన పని ఇది.

అసలు రంగు వేయకముందే ప్రతి ప్యానెల్ గీత (రేకూ రేకూ కలిసే సందును చూపడానికి కిట్టులో చెక్కిన సన్నని గీత) మీదా ఎయిర్‌బ్రష్‌తో నలుపు పట్టించాను. దాని మీద పచ్చరంగు పలుచగా వేస్తే లోపలి నలుపు నీడలా తేలింది. అది చాలదనిపించి, వార్నిష్ ఆరాక గీతల్లోకి నల్ల వాష్ (నీళ్ళలా పలుచన చేసిన రంగు) కూడా వదిలాను. మా పెద్దాయన ఒకరు కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసి, ముక్కు రెక్కకు తగిలేంతగా వంగి చూసి, "తమ్ముడూ, ఇది విమానమా, గళ్ళ లుంగీయా?" అన్నారు. మిగతా ఐదుగురూ నవ్వారు. నాకు కోపం రాలేదు. అంటే వచ్చింది, సమోసాతో పాటు మింగేశాను.

నేను అడిగేది ఒక్కటే. ప్యానెల్ గీతలను ముదురు చేయాలా, వద్దా? చేయకపోతే ఆ చిన్న రెక్కల విమానం తిరునాళ్ళలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుందని నా వాదన. ఈ చర్చా వేదికలో కుంచె పట్టినవాళ్ళే జవాబు చెప్పాలని మనవి.

ఉప్పుకాగితం

గళ్ళ లుంగీ అన్నది నేనే. వెనక్కి తీసుకోను, కానీ ఎందుకన్నానో లెక్క చెబుతాను.

నా దగ్గరున్న కిట్టులో గీత వెడల్పు కొలిస్తే సుమారు 0.12 మి.మీ. వచ్చింది. దాన్ని 48తో హెచ్చవేస్తే దాదాపు 6 మి.మీ. అంటే అసలు విమానం ఒళ్ళంతా పెన్సిలు దూరేంత సందులు ఉన్నట్టు. ధ్వనికి రెండింతల వేగంతో పోయే విమానానికి అలాంటి సందులు ఉంటాయా? అసలు రేకుల మధ్య 2 మి.మీ. సందు ఉందనుకున్నా, 1/48లో అది 0.04 మి.మీ. తలవెంట్రుక కంటే సన్నం. అంత సన్నని గీత అచ్చులో దించడం కష్టం కాబట్టి కిట్టు తయారు చేసేవారు లావుగా చెక్కుతారు. అది వాళ్ళ అవసరం. ఆ లావు గీతలో నువ్వు మసి నింపి, వాళ్ళ ఇబ్బందిని విమానానికి అంటగట్టావు.

ఇంకో లెక్క. బల్ల మీది బొమ్మను ముప్పై సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తావు. 1/48లో అది 14 మీటర్ల పైచిలుకు దూరం. అంత దూరంలో నిలబడి ఎప్పుడైనా నిజమైన విమానాన్ని చూశావా? నీకు గీతలు కనిపించవు. రేకుకూ రేకుకూ మధ్య ఛాయ తేడా కనిపిస్తుంది, రంగు వెలిసిన చోటు కనిపిస్తుంది, మెకానిక్కు రోజూ కాలు పెట్టి ఎక్కే చోటు కనిపిస్తుంది.

రెండో పూత

ఉప్పుకాగితం గారి హెచ్చవేత బాగుంది. కానీ ఎండను ఎవరు హెచ్చవేస్తారు?

అసలు విమానం మీద సూర్యుడు పడితే రెక్క ఒంట్లో కలిసే చోట, తలుపుల అంచుల్లో, లోతున్న ప్రతిచోటా నీడ పడుతుంది. మన బొమ్మ ట్యూబులైటు కింద ఉంటుంది. అంత చిన్న వస్తువు మీద ఆ నీడలు వాటంతట అవి పడవు. పడని నీడను కుంచెతో మనమే వేయాలి. సురభి నాటకం వాళ్ళ అలంకరణను తెర వెనుక దగ్గరగా చూస్తే జడుసుకుంటాం. ఆ కాటుకా ఆ ఎరుపూ లేకపోతే వెనుక వరుసలో కూర్చున్నవాడికి ముఖమే ఉండదు. సన్నకుంచె గారూ, మీ గీతలు కాటుక. కొంచెం ఎక్కువైందేమో, అది వేరే మాట.

ఉప్పుకాగితం

సురభి ప్రేక్షకుడు వెనుక వరుసలో కూర్చుంటాడు. ఈ బొమ్మ ప్రేక్షకుడు రెక్క మీద ముక్కు పెట్టి చూస్తాడు. నేనే అలా చూశానని పైన రాసి ఉంది కదా! కాటుక ఎవరి కోసమో ముందు తేల్చుకోండి.

కొత్త డబ్బా

నేను ఈ మధ్యే మొదలుపెట్టాను, ఇంకా జిగురు వేళ్ళకే ఎక్కువ అంటుతోంది. ఇదంతా సరదా కోసం చేసే పని కదండీ. ఎవరి ఇష్టం వారిది అనుకుంటే సరిపోదా?

లప్పం

సరిపోతుంది బాబూ, ఇంట్లో తలుపు వేసుకుని చేసుకుంటే. ఎవరి ఇష్టం వారిదే అయితే ఆదివారం పూట రెండు బస్సులు మారి ఒకచోట చేరడం ఎందుకు? నా తప్పు ఇంకొకరి కంటికి కనపడాలనే కదా. జపాన్ యుద్ధవిమానం జీరో తొలి రంగు బూడిదా, తేనెఛాయ కలిసిన బూడిదా అని జనం దశాబ్దాలుగా కొట్టుకుంటున్నారు. ఆ తగాదా పుణ్యాన ఎంతో మంది విరిగిన రేకు ముక్కలు వెతికి, పాత కాగితాలు తిరగేసి చూశారు.

ఇక నా సంగతి. పేరు చూశారుగా, నేను లప్పం పక్షం. అమెరికా యుద్ధవిమానం పీ-51డీ మస్టాంగ్ రెక్కకు కర్మాగారంలోనే లప్పం పెట్టేవారు. రెక్క ముందంచు నుంచి దాదాపు నలభై శాతం వెడల్పు దాకా సందులూ రివెట్లూ పూడ్చి, నునుపుగా రుద్ది, పైన వెండిరంగు పూసేవారు. గాలి చీలిపోకుండా రెక్కను అంటిపెట్టుకుని జారాలని ఆ తాపత్రయం. ఒంటి భాగం మాత్రం మెరిసే వట్టి లోహం. అంటే ఒకే విమానంలో ఒంటికి గీతలు ఉంటాయి, రెక్క మీద చాలా మేర ఉండవు.

మరి కిట్టులో? రెక్క నిండా చక్కగా చెక్కిన గీతలు. నేను మూడు రాత్రులు కూర్చుని వాటన్నిటినీ పూడ్చాను. లప్పం పెట్టడం, ఆరనివ్వడం, తడిపిన ఉప్పుకాగితంతో రుద్దడం, దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడడం, మళ్ళీ ఎక్కడో సన్నని గుంట కనిపించడం, మళ్ళీ లప్పం. దాన్ని ఒక ప్రదర్శనకు తీసుకెళితే న్యాయనిర్ణేత ఒకాయన ప్రేమగా భుజం తట్టి, "ఒళ్ళు బాగా చేశారు, రెక్కలు కూడా పూర్తి చేసి తేవలసింది" అన్నారు. పక్కనే మస్టాంగ్ రెక్క నిండా నల్ల గళ్ళు గీసిన ఆయనకు బహుమతి వచ్చింది. సన్నకుంచె గారూ, మీరు సమోసాతో మింగారు. నాకు ఆ రోజు మంచినీళ్ళు కూడా దిగలేదు.

రెండో పూత

లప్పం గారి బాధ నిజమే. కానీ అది మస్టాంగ్ రెక్క కథ. దాన్ని పట్టుకొచ్చి మిగ్‌కు శిక్ష వేస్తే ఎలా?

వాల్తేరు గాలి

విశాఖ నుంచి. మా బీచ్ రోడ్డులో టీయూ-142 అనే నౌకాదళ గస్తీ విమానం ప్రదర్శనకు ఉంది. 53 మీటర్ల పొడవు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే జంట పంకాలున్న నాలుగు ఇంజన్లు. నౌకాదళంలో 29 ఏళ్ళు పనిచేసి 2017లో విశ్రాంతి తీసుకుంది. నేను నోటుపుస్తకం పట్టుకుని దాని చుట్టూ ఎన్ని సాయంత్రాలు తిరిగానో మా ఆవిడను అడగండి. నాకు కనిపించినవి గీతలు కాదు, ధారలు. మురికి సందులో కుదురుగా కూర్చోదు. ఎక్కడో ఒక మర దగ్గర మొదలై కిందికో వెనక్కో జారుతుంది. గీత పొడవునా ఒకే నలుపు నాకు ఎక్కడా కనిపించలేదు.

ఉప్పుకాగితం

ఆగాలి. బీచ్ రోడ్డులో నిలబడ్డ విమానం మీది ధారలు ఉప్పుగాలి, వాన కలిసి పెట్టినవి. దళంలో ఎగిరే విమానాన్ని కడుగుతారు, తుడుస్తారు, మళ్ళీ రంగు వేస్తారు. ప్రదర్శన విమానాన్ని చూసి రంగు వేయడం, తాతగారి పటం చూసి ఆయన పాతికేళ్ళ వయసు ఊహించుకోవడం లాంటిది.

వాల్తేరు గాలి

ఒప్పుకుంటాను. నిజానికి నేను కొట్టుమిట్టాడుతున్నదీ అక్కడే. ఇప్పుడు నా బల్ల మీద 1/72 బీ5ఎన్ ఉంది, జపాన్ నౌకాదళపు బాంబర్ విమానం. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే జపాన్ నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ దెబ్బకు మా ఊరు సగం ఖాళీ అయింది. ఇంట్లో పెద్దవాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళిపోయిన కథలు వింటూ పెరిగినవాణ్ణి. ఆ విమానాన్నే చేస్తున్నానంటే మా పెదనాన్నగారు, "దాన్ని ఇంట్లో పెడతావురా?" అన్నారు. ఆ చర్చ ఇంకోసారి.

దానికి ఎంత మురికి పెట్టాలి? పుస్తకాల్లో అందరూ పసిఫిక్ దీవుల మీద ఎండకు రంగు ఊడిన జపాన్ విమానాలు చూపిస్తారు. కానీ ఇది విమానవాహక నౌక మీదిది. ఎగరనప్పుడు డెక్కు కింద నీడలో ఉంటుంది, పక్కనే మెకానిక్కులు ఉంటారు. దీవి మీద చెట్టు కింద ఆరు నెలలు మగ్గిన విమానం మురికి తెచ్చి దీనికి పూస్తే అబద్ధం అవుతుంది. అందుకే నాకు అనిపిస్తోంది, మురికికి కూడా తేదీ ఉండాలి. సన్నకుంచె గారూ, మీరు 1971 డిసెంబరు అన్నారు. ఆ నెలలో ఆ పచ్చరంగు వయసెంత?

సన్నకుంచె

ఈ ప్రశ్న దగ్గర నాకు నిద్ర పట్టలేదు.

మిగ్-21 మన వాయుసేనలోకి 1963లో వచ్చింది. ఎఫ్ఎల్‌లు శాంతికాలంలో వట్టి లోహం మెరుపుతో తిరిగేవి. 1971 యుద్ధం ముంచుకొచ్చినప్పుడే స్క్వాడ్రన్ల దగ్గర వాటికి పచ్చరంగు పూశారు. అందుకే ఒక దళం తీరు ఇంకో దళానికి ఉండదు. డిసెంబరు 14న ఢాకా గవర్నరు భవనం మీద రాకెట్లు వేసినవి మిగ్-21లే. ఆ రోజుకి ఆ పచ్చరంగు వయసు ఏళ్ళలో లెక్కపెట్టేది కాదు. అంటే నేను నింపిన మసి ఆ గీతల్లోకి చేరడానికి వ్యవధే లేదు.

మా నాన్నగారు బాలానగర్‌లోని విమానాల సంస్థ హెచ్ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. మిగ్‌కు కావలసిన ఎలక్ట్రానిక్ పెట్టెలు అక్కడ చేసేవారు. నా బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క మాటే అన్నారు: "నా కళ్ళలో ఉన్న మిగ్ వెండి రంగుదిరా. పచ్చ దాని మీద కప్పిన దుప్పటి."

నిన్న రాత్రి పాత కిట్టు నుంచి మిగిలిన రెక్క ఒకటి తీశాను. ముందు వెండిరంగు. ఆరాక జుట్టుకు కొట్టుకునే హెయిర్ స్ప్రే పలుచగా రెండు పూతలు. దాని మీద పచ్చ, ఈసారి ఎయిర్‌బ్రష్‌తో కాదు, పది రూపాయల చదునైన కుంచెతో, చారలు తెలిసేలా. పది నిమిషాలు ఆగి, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో ముందంచు మీద మెల్లగా రుద్దాను. మొదట ఏమీ కాలేదు. ఇంకో నాలుగుసార్లు రుద్దితే ఆవగింజంత చోట పచ్చ లేచి కింద వెండి కనిపించింది. ఇంకాస్త రుద్దేసరికి గోరంత పెచ్చు ఒకేసారి ఊడి, గుండె జారింది. దాన్ని మళ్ళీ కుంచెతో సరిదిద్దాను. గీతల్లో నలుపు బదులు, పచ్చలోనే కాస్త గోధుమరంగు కలిపిన నూనెరంగు వాష్ వదిలి, దూదిపుల్లతో ముందు నుంచి వెనక్కి తుడిచేశాను. ఒక చోట ఉంది, ఒక చోట లేదు.

ఉప్పుకాగితం

ఫోటో చూశాను. ముందంచు బాగుంది. వెండి చుక్కలు ఇంకా సగం తగ్గించు. ఆదివారం ఆ రెక్క తీసుకురా, పగటి వెలుగులో చూద్దాం. లుంగీ మాట మాత్రం పాత రెక్కకు అలాగే ఉంటుంది.

రెండో పూత

నేను ఒప్పుకోలేదని ఎవరూ మరచిపోకండి. ఆ కొత్త రెక్కలో కూడా గీతలో వాష్ ఉంది కదా? నలుపు కాకపోతే గోధుమ. కాటుక మానలేదు, పలుచన చేశారు. ఆదివారం నేనూ నా స్పిట్‌ఫైర్ తెస్తాను, గళ్ళన్నీ ఉన్నది. ట్యూబులైటు కింద రెండూ పక్కపక్కన పెట్టి, తలుపు దగ్గర నిలబడి చూసి చెప్పండి ఏది విమానమో.

లప్పం

తలుపు దగ్గర అంటే 1/48లో ఎన్ని మీటర్లో ముందే లెక్క కట్టి రండి, లేకపోతే దాని మీద ఇంకో రెండు పేజీలు నడుస్తుంది. కిందటిసారి నా థిన్నరు సీసా ఎవరో పొరపాటున తీసుకెళ్ళారు. ఆకుపచ్చ మూత. తెచ్చి ఇవ్వగలరు.