అప్‌డేట్: విశాఖలో ఇల్లు చూసి వచ్చాం

హైదరాబాద్‌లో అద్దెకు ఉంటున్న మేము విశాఖలో అమ్మానాన్నల కోసం మధురవాడలో ఫ్లాట్ తీసుకోవాలా, భోగాపురం వైపు స్థలం కొనాలా అని క్రితం నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారితో వెళ్లి నాలుగు రోజులు తిరిగి వచ్చాను.

భోగాపురం మానుకున్నాం. మేము చూసిన లేఅవుట్లన్నీ అక్కడి కొత్త విమానాశ్రయం పేరు చెప్పి అమ్ముతున్నవే. మాకు కావలసింది వెంటనే కాపురం పెట్టగల ఇల్లు.

సముద్రం కనిపించే ఫ్లాట్ ఒకటి మనసు లాగింది. కానీ పదేళ్ల నాటి ఆ భవనంలో బాల్కనీ గ్రిల్లు తుప్పు రాలుతోంది, శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. ఉప్పుగాలి గురించి మీలో ఒకరు చేసిన హెచ్చరిక విలువ అక్కడ నిలబడ్డాకే తెలిసింది.

చివరకు మధురవాడలో, తీరానికి దూరంగా లోపలి వీధిలో, రెండు పడకగదుల పాత ఫ్లాట్ మాట్లాడుకున్నాం. ఆ ఆస్తిపై పాత లావాదేవీలు, తాకట్లు చూపించే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాం. ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో (22ఏ నిషేధిత జాబితా) లేదని కూడా చూసుకున్నాం. సింహాచలం దేవస్థానానికీ, ఐదు ఊళ్లలో ఇళ్లు కట్టుకున్నవారికీ మధ్య పంచగ్రామాల భూవివాదం ఉన్న నగరంలో దయచేసి ఎవరూ ఈ పరిశీలన వదలకండి. బయానా ఇచ్చాం, వచ్చే నెల రిజిస్ట్రేషన్.