వాన పడగానే మళ్ళీ పిల్లి ఉచ్చ కంపు, ఫినాయిల్ సీసాలు అయిపోతున్నాయి గానీ వాసన పోవట్లేదు

మహేంద్రతనయ గట్టు (పర్లాకిమిడి):

నమస్తే అందరికీ. మాది తాతగారు కట్టించిన ఇల్లు, ముందు గదులకి ఎర్ర గచ్చు, వెనక బియ్యం బస్తాలు వేసుకునే గదికి ఒట్టి సిమెంటు, అది కూడా అక్కడక్కడా పెచ్చులు లేచిపోయింది. ఎలుకల బాధ పడలేక నిరుడు ఒక పిల్లి కూనని తెచ్చుకున్నాం. ఎలుకలు పోయాయి, అబద్ధమెందుకు. ఇప్పుడు దానికి ఏడాది దగ్గర పడుతోంది, మగది, రెండు నెలలుగా ఆ వెనక గది మూలల్లో, బీరువా పక్క గోడ మీద, బూరుగు దూది పరుపు మీద, ఎక్కడ పడితే అక్కడ పోస్తోంది.

కడగని రోజు లేదు. ఫినాయిల్ వేశాం, బ్లీచింగ్ పౌడర్ చల్లాం, అమ్మ మూలమూలకీ కలరా ఉండలు కూడా పడేసింది. రెండు రోజులు ఎండ కాస్తే ఏమీ ఉండదు, హమ్మయ్య అనుకుంటాం. రథయాత్ర నాడు జల్లు పడిందో లేదో, తలుపు తీయగానే కళ్ళు మండేంత కంపు. కొత్తగా పోసింది కాదు, చెయ్యి పెట్టి చూశాను, నేల పొడిగానే ఉంది. పొడి నేల ఎలా కంపు కొడుతుందో నాకు అర్థం కావట్లేదు.

ఆ గది పక్కనే దేవుడి గది. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, టెక్కలి నుంచీ బరంపురం నుంచీ చుట్టాలు వస్తారు, అదొక టెన్షన్. పక్కింటి ఒడియా ఆవిడ "బిలేయిని తీసుకెళ్ళి పాతపట్నంలో వదిలేయండి, రాష్ట్రం దాటి రాదు" అంటోంది. నాకు నవ్వొచ్చింది గానీ అమ్మ నవ్వలేదు, ఆలోచిస్తోంది. పిల్లిని వదిలేయకుండా ఏదైనా దారి ఉంటే చెప్పండి.

ఉప్పుచేప (గుణుపురం):

అన్నా ఇంత ఆలోచన ఎందుకు, బ్లీచింగ్ డబుల్ చేసి కాస్త బాత్రూం యాసిడ్ కలిపి ఒక్కసారి రుద్ది కడిగేయండి, ఏ కంపూ నిలవదు.

పెరటి జామ (రాయగడ):

తమ్ముడూ, ఆ సలహా ఇంకెవరికీ ఇవ్వకు. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, తలుపులు మూసిన గదిలో అయితే నేరుగా ఆసుపత్రికే. యాసిడ్ లేకపోయినా, పాతబడిన ఉచ్చలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి దాని మీద బ్లీచింగ్ పడితే క్లోరమైన్లు అని ఇంకో విషవాయువు పుడుతుంది. పర్లాకిమిడి వారూ, మీ కళ్ళ మంటలో కొంత వాటా దానిదే అయ్యుండొచ్చు.

ఇక పొడి నేల సంగతి. మా ఇంట్లో మూడు పిల్లులు, ఈ గొడవంతా పడ్డాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పిల్లుల పూర్వీకులు ఎడారి జాతి, నీళ్ళు తక్కువ తాగి ఒంట్లో తడిని దాచుకునే జంతువులు, అందుకే వాటి ఉచ్చ బాగా చిక్కగా ఉంటుంది. పోసినప్పుడు వచ్చే వాసన ఒకటి, తర్వాత ఎక్కేది ఇంకొకటి. అందులో ఉన్న యూరియాని బ్యాక్టీరియా విరగ్గొడితే అమ్మోనియా వస్తుంది, ముక్కులో గుచ్చుకునే ఘాటు అదే. దానికి తోడు ఫెలినైన్ అని గంధకం ఉన్న పదార్థం ఒకటి ఉంటుంది, అది విరిగిన కొద్దీ ఆ ప్రత్యేకమైన గండుపిల్లి కంపు బయటికొస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగ పిల్లుల్లో ఈ ఫెలినైన్ ఆడవాటి కంటే చాలా ఎక్కువ. మీది సరిగ్గా ఆ వయసే.

ఇవి నీళ్ళకి కొంతైనా పోతాయి. యూరిక్ యాసిడ్ అలా కాదు, నీళ్ళలో సరిగా కరగదు, సన్నటి పలుకుల్లా సిమెంటు రంధ్రాల్లోకి దిగి కూర్చుంటుంది. ఎండాకాలం కదలదు. వానాకాలం డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లడం చూస్తారు కదా, అలా గాలిలో తేమ తగలగానే అక్కడ పేరుకున్నదంతా మళ్ళీ వాసన వదులుతుంది. మీరు రోజూ కడిగింది పైపైన, అది ఉన్నది అడుగున.

ఫినాయిల్ పూర్తిగా మానేయండి. అది వాసన పోగొట్టదు, దాని మీద ఇంకో వాసన కప్పుతుంది అంతే. పైగా నల్ల ఫినాయిల్‌లో ఉండే రకం రసాయనాలని విడగొట్టుకునే శక్తి పిల్లుల కాలేయానికి చాలా తక్కువ, నేల మీద తొక్కి పాదాలు నాకుతాయి, ఒంట్లోకి పోతుంది. అమ్మగారికి చెప్పి ఆ కలరా ఉండలు ఈ రోజే తీయించండి, పిల్లులకి అవి విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్ళకీ విషమే.

పని చేసేది ఎంజైమ్ క్లీనర్, అంటే ఉచ్చలో పదార్థాల్ని విరగ్గొట్టే మందు. పెంపుడు జంతువుల సామాన్లమ్మే సైట్లలో దొరుకుతుంది. వాడే పద్ధతే చాలామంది తప్పు చేస్తారు, నేనూ చేశాను. స్ప్రే కొట్టి గుడ్డతో తుడిచేస్తే ఏమీ జరగదు. ముందు ఒట్టి నీళ్ళతో రెండు మూడుసార్లు కడిగి పాత ఫినాయిల్, బ్లీచింగ్ వదిలించండి, లేకపోతే అవి ఎంజైముల్ని చంపేస్తాయి. నేల ఆరాక మందు ధారాళంగా పోయండి, ఉచ్చ ఎంత లోతుకి దిగిందో అంత లోతుకి ఇదీ దిగాలి. పైన పాలిథిన్ కవరు పరిచి అంచుల మీద ఇటుకలు పెట్టి ఒక రాత్రి, కుదిరితే ఒక రోజంతా తడి ఆరకుండా ఉంచండి, తర్వాత గాలికి ఆరనివ్వండి. వేడి నీళ్ళు వద్దు. మొదటిసారి తడిసినప్పుడు కంపు ఎక్కువవుతుంది, కంగారు పడకండి. పాత సిమెంటు కాబట్టి రెండు మూడుసార్లు చేయాల్సి వస్తుంది.

గుడ్డలకైతే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. మామూలుగా 6 శాతం సీసా ఇస్తారు, అంతే నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది, అందులో కాస్త తినేసోడా, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. అప్పటికప్పుడు కలిపి వాడేయాలి, మిగిలితే పారబోయాలి, మూత బిగించి దాచితే సీసా పేలుతుంది. రంగు గుడ్డలు వెలుస్తాయి, ముందు ఓ మూల చూసుకోండి. బూరుగు దూది పరుపు మీద మాత్రం ఆశ వదులుకోండి, లోపల దూది తాగేసింది.

ఒక్క ప్రశ్న. నిలబడి తోక పైకెత్తి వణికిస్తూ వెనక్కి గోడ మీదికి చిమ్ముతోందా, లేక కూర్చుని నేల మీద పోస్తోందా?

మహేంద్రతనయ గట్టు:

అక్కా, చాలా థాంక్స్. గోడ మీద తోక వణికిస్తూనే చిమ్ముతోంది, నేను రెండుసార్లు చూశాను. పరుపు మీద మాత్రం కూర్చునే పోసినట్టుంది. వెనక గుమ్మం దగ్గరికి రాత్రుళ్ళు ఊరి గండుపిల్లి ఒకటి వస్తుంది, ఇద్దరూ తలుపుకి అటూ ఇటూ కూర్చుని ఒకటే గుర్రుమంటారు.

పెరటి జామ:

దొరికింది కదా కారణం. గోడ మీద చిమ్మడం సంతకం, ఇది నా ఇల్లు అని బయటివాడికి చెప్పడం. ఆపరేషన్ చేయించండి. మగ పిల్లుల్లో పదింటికి తొమ్మిది ఆ అలవాటు మానేస్తాయో తగ్గిస్తాయో, కాకపోతే హార్మోన్లు దిగడానికి కొన్ని వారాలు పడుతుంది, మర్నాడే ఆగలేదని తిట్టకండి. అయిదారు నెలల వయసులోనే చేయించి ఉంటే అసలు ఇంత దూరం వచ్చేది కాదేమో. ఆ గుమ్మం కింద సందుకి గోనె పట్టా అడ్డం పెట్టండి.

ప్రాణహిత ఒడ్డు (సిరోంచ):

నాది మహారాష్ట్ర వైపు, ఊళ్ళు దూరమైనా పిల్లి అదే పిల్లి :) ఒక చిట్కా. కంపు ఎక్కడి నుంచో తెలియకుండా గదంతా కడిగితే డబ్బు దండగ. షాపుల్లో దొంగనోట్లు చూసే యూవీ టార్చి ఉంటుంది కదా, అది తెచ్చి రాత్రి లైట్లన్నీ ఆర్పి నేల మీదికి, గోడ మీద మోకాలెత్తు వరకూ కొట్టండి. ఎండిన ఉచ్చ మరకలు పసుపు పచ్చగా మెరుస్తాయి. సబ్బు మరకలు కూడా మెరుస్తాయి, కాబట్టి ముక్కు పెట్టి ఖాయం చేసుకోవాలి, తప్పదు. చాక్‌పీసుతో గీత గీసుకుని పొద్దున్నే మందు పోయండి. మరక కనిపించిన దానికంటే జానెడు ఎక్కువ మేర తడపండి.

బస్తాల వెనక కొట్టేటప్పుడు కాళ్ళకి చెప్పులు వేసుకోండి. యూవీ వెలుతురులో తేలు కూడా నీలిపచ్చగా వెలుగుతుంది. నేను మరక అనుకుని ముక్కు దగ్గర పెట్టబోయాను.

కాఫీ తోట (జయపురం):

పరుపు మీద కూర్చుని పోసింది అన్న మాట దగ్గర ఆగాను. అది సంతకం కాకపోవచ్చు. మా మగ పిల్లి ఇలాగే పరుపు మీద, స్నానాల గదిలో, మాటిమాటికీ కూర్చునేది, రెండు చుక్కలు, ఒకసారి అవీ లేవు, అరిచేది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టాం, మా తెలివి. మర్నాటికి వాంతులు. డాక్టరు చూసి మూత్రం దారి మూసుకుపోయింది, ఇంకొక్క పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు, గొట్టం వేసి తీశారు. మగవాటికి ఆ దారి సన్నం, పూర్తిగా మూసుకుంటే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మీది బాగానే పోస్తోంది కాబట్టి భయం లేదు గానీ, ఆపరేషన్‌కి తీసుకెళ్ళినప్పుడు మూత్ర పరీక్ష కూడా అడగండి. నీళ్ళ గిన్నెలు ఇల్లంతా రెండు మూడు చోట్ల పెట్టండి.

ఇంతకీ దానికి పోసుకోవడానికి ఇంట్లో ఇసుక తొట్టి ఉందా? మీరు ఎక్కడా రాయలేదు.

మహేంద్రతనయ గట్టు:

లేదండీ :( పెరట్లోకి పోతుందిలే అనుకున్నాం. వానలు మొదలయ్యాక వెనక తలుపు మూసే ఉంచుతున్నాం. ఇప్పుడు మీరు అడిగితేనే వెలిగింది.

పెరటి జామ:

అయ్యో రామా. ఒక్క పిల్లికి రెండు తొట్లు, అన్నం గిన్నెకి దూరంగా. వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్‌లో నది ఇసుక చాలు, కానీ రోజూ తీసేయాలి, మురికిగా ఉంటే మళ్ళీ పరుపే.

మహేంద్రతనయ గట్టు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. టార్చి వేస్తే బీరువా వెనక గోడ మీద పదకొండు మరకలు, మేము ఇన్నాళ్ళూ కడిగిన మూలలో ఒక్కటీ లేదు! మందు మూడుసార్లు పట్టించాను, పెచ్చులు లేచిన చోట నాలుగు. తర్వాత ఆ జాగా వరకూ కొత్త సిమెంటు పూత వేయించాం. పరుపు తగలేశాం. ఆపరేషన్ శ్రీకాకుళంలో అయింది, పరీక్షలో తేడా ఏమీ లేదన్నారు. ఇసుక తొట్టిలోకి రెండో రోజు నుంచే వెళ్తోంది. గోడ మీద చిమ్మడం పూర్తిగా ఆగలేదు, నిన్న ఒకసారి చేసింది, కానీ ముందున్నంత ఘాటు లేదు.

మొన్న రాత్రంతా కుండపోత. తెల్లారి అమ్మ నా కంటే ముందే ఆ గది తలుపు తీసి గుమ్మంలోనే నిలబడి గట్టిగా వాసన చూసింది. ఏమీ అనలేదు, వెళ్ళి పీట కడుక్కుంది. పక్కింటావిడ మాత్రం బిలేయి పాతపట్నం ప్రయాణం ఎప్పుడని ఇంకా అడుగుతూనే ఉంది.