రోజూ తిరిగే పికప్‌కి మడ్ టైర్లు వేయొచ్చా, ఆల్ టెరైనే మేలా?

వెనకతొట్టి అడిగారు:

అందరికీ నమస్తే. నెల రోజులుగా టైర్ల విషయం తేల్చుకోలేకపోతున్నాను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాది డబుల్ క్యాబ్ పికప్, ఫోర్ బై ఫోర్. బండితో వచ్చిన హైవే టైర్లే ఇన్నాళ్లూ నడిచాయి, సైజు 265/65 ఆర్17. 58 వేల కిలోమీటర్లు తిరిగాయి, ట్రెడ్ గాళ్ల లోతు 3 మిల్లీమీటర్లకి వచ్చేసింది. వానలు మొదలయ్యేలోపు నాలుగూ మార్చాలి.

పనికి పోనూ రానూ రోజుకి 74 కిలోమీటర్లు. అందులో 66 తారురోడ్డు, అదీ చాలావరకు హైవే. మిగతా 8 మట్టిదారి, పోయేటప్పుడు నాలుగు, వచ్చేటప్పుడు నాలుగు. ఆ నాలుగులోనూ కంకర పోసినంత మేర ఏ బాధా లేదు. వాగు పక్కన 300 మీటర్ల ముక్క ఒకటుంది, ఉత్త బంకమన్ను. పోయిన వానాకాలం అక్కడ మూడుసార్లు దిగబడ్డాను. మూడోసారి చీకటి పడ్డాక, యాక్సిల్ దాకా కూరుకుపోయింది. దిగుదామని కాలు పెడితే చెప్పు మట్టిలోనే ఉండిపోయింది. ట్రాక్టర్ వచ్చి లాగేసరికి రెండు గంటలు పట్టింది.

వారంలో ఒకరోజు తొట్టిలో 400 కిలోల దాకా సామాను వేస్తాను. మిగతా రోజులు ఖాళీయే. పొద్దున పిల్లలిద్దరినీ బడి దగ్గర దించి పనికి వెళ్తాను.

తోటివాళ్లు మడ్ టైర్లు వేసేయ్, ఇక దిగబడే మాటే ఉండదంటున్నారు. పనిలో పనిగా 285/70 కి మారితే బండి ఎత్తు కూడా పెరుగుతుందంటున్నారు. శబ్దం వస్తుందని తెలుసు, దానికి సిద్ధమే. శబ్దం కాక ఇంకేమైనా ఆలోచించాలా?


తారూమట్టీ సమాధానం:

బ్రదర్, మడ్ టైర్లతో రోజూ తిరిగినవాణ్ణి నేను. రెండున్నరేళ్లు, 41 వేల కిలోమీటర్లు. తర్వాత తారుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే ఆల్ టెరైన్‌కి మారాను, వీటి మీద 30 వేలు దాటాయి. బండి అదే, దారి అదే. అందుకని రెండింటి తేడా గట్టిగానే చెప్పగలను.

అందరూ శబ్దం దగ్గరే ఆగిపోతారు. శబ్దానికి అలవాటు పడతాం. నేను అలవాటు పడలేకపోయింది తడి రోడ్డు మీద బ్రేకుకి. మడ్ టైర్లు వేసిన ఆరో నెలలో సన్నగా జల్లు పడుతోంది, తొట్టి ఖాళీ, వేగం 50 కూడా లేదు. ముందు సిగ్నల్ ఎర్రబడింది. ఎప్పటిలాగే బ్రేకు తొక్కాను. కాలికింద పెడల్ దడదడలాడింది, ఏబీఎస్ పని చేస్తూనే ఉంది, బండి మాత్రం ఆగలేదు. గీత దాటి, కూడలిలోకి సగం దూరి ఆగింది. స్కూటర్ మీద ఒకావిడ నా బంపర్‌కి రెండడుగుల దూరంలో కాలు ఆనించి నిలబడింది. ఆవిడ ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇంటికొచ్చి టైరు పక్కన కూర్చుని చూశాను. మడ్ టైరులో ఒక్కో రబ్బరు బ్లాకు అరచేతి మందాన ఉంటుంది, రెండు బ్లాకుల మధ్య నా బొటనవేలు సులువుగా దూరుతుంది. ఆ సందులు బురద పట్టి విసిరేయడానికే. కానీ అంత సందు ఉందంటే రోడ్డుని తాకే రబ్బరు అంత తక్కువన్నమాట. తడి తారు మీద నీటి పొరని చీల్చడానికి సన్నటి అంచులు కావాలి. వాటికోసమే మామూలు టైర్ల బ్లాకుల మీద కత్తితో గీసినట్టు చీలికలు ఉంటాయి, సైప్స్ అంటారు. నా మడ్ టైర్లలో అవి ఒక్కో బ్లాకుకి ఒకటో రెండో, అవీ పైపైనే. ఇప్పుడున్న ఆల్ టెరైన్‌లో ప్రతి బ్లాకుకీ మూడు నాలుగు, లోతుగా ఉన్నాయి. పైగా పికప్‌లో తొట్టి ఖాళీగా ఉంటే వెనక బరువే ఉండదు. వానలో మలుపు తిరుగుతూ కొంచెం యాక్సిలరేటర్ ఎక్కువ ఇస్తే వెనక భాగం పక్కకి పోయేది. వెనక సీట్లో పిల్లలుంటారన్నారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇక మడ్ టైరు గొప్పదనం కూడా చెప్పాలి. బంకమన్నులో దానికి సాటి లేదు. చక్రం కాస్త వేగంగా తిరిగితే చాలు, సందుల్లో ఇరుక్కున్న మట్టి ముద్దలుగా ఎగిరిపడి, ప్రతి చుట్టుకీ శుభ్రమైన పళ్లతో మళ్లీ పట్టుకుంటుంది. ఆల్ టెరైన్ అలా కాదు. బంకమన్ను దాని గాళ్లలో కూరుకుపోతే రోలర్‌లా నున్నగా అయిపోతుంది. మీ 300 మీటర్లలో ఈ తేడా కచ్చితంగా తెలుస్తుంది. కాకపోతే ఆ 300 మీటర్లని ఇంకో దారిలో గెలవచ్చు, గాలి తగ్గించి. నేను వాన రోజు బురద ముందు ఆగి 35 నుంచి 20 పీఎస్ఐకి దించుతాను. టైరు నేలని తాకే మేర పొడుగవుతుంది, బరువు పరుచుకుంటుంది, దిగబడడం తగ్గుతుంది. 15 కంటే కిందికి మాత్రం పోకండి, మలుపులో టైరు రిమ్ము వదిలేస్తుంది. బురద దాటి తారు ఎక్కేముందు మళ్లీ నింపాలి. తక్కువ గాలితో హైవే మీద పరిగెత్తిస్తే సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, వేడెక్కి లోపలే చిట్లుతుంది. చిన్న కంప్రెసర్ సీటు కింద ఉంది, నాలుగు టైర్లకీ పావుగంట. వీటికి మారాక ఒక్కసారే దిగబడ్డాను, అదీ బద్ధకించి గాలి తగ్గించని రోజున.

ఇంకో సంగతి బరువు. మార్చేటప్పుడు ఇంట్లో తూకం మీద పెట్టి చూశాను, రిమ్ము లేకుండా. కంపెనీ టైరు 17 కిలోలు, మడ్ టైరు 25. చక్రం దగ్గర పెరిగిన ఆ ఎనిమిదేసి కిలోలు బండి వేగం అందుకునేటప్పుడూ తెలుస్తాయి, ఆపేటప్పుడూ తెలుస్తాయి. నా బండి మైలేజీ లీటరుకి 11.5 నుంచి 10 కి పడిపోయింది.

అరుగుదల కూడా చూసుకోండి. మడ్ టైర్లని 15 వేల దాకా అటూ ఇటూ మార్చకుండా తిప్పాను. అప్పటికి ట్రెడ్ మీద చెయ్యి ముందుకి నిమిరితే నున్నగా, వెనక్కి నిమిరితే రంపంలా తగిలేది. ఒకసారి అలా అరిగితే హోరు రెట్టింపవుతుంది, తర్వాత ఎన్ని మార్పులు చేసినా పూర్తిగా పోదు. ఏ టైరు వేసినా 8 వేల కిలోమీటర్లకొకసారి చోట్లు మార్పించండి: వెనకవి అదే వైపు ముందుకి, ముందువి అడ్డంగా వెనక్కి.

మీ దారికి నా మాట ఆల్ టెరైనే.


బంకమట్టి సమాధానం:

పై అన్న చెప్పింది ఆయన దారికి నిజం. నాది రోజుకి 22 కిలోమీటర్లు, అందులో 15 పొలం దారి, వానాకాలం నాలుగు నెలలూ బురదే. రోజుకి నాలుగుసార్లు గాలి తీసి నింపుతూ కూర్చుంటే పని సాగదు. ఆల్ టెరైన్ రెండు జతలు వాడి, విసిగి మడ్‌కి మారాను. వానలో తారు మీద 40 దాటను, ముందు బండికి మామూలుకి రెట్టింపు దూరం వదులుతాను. అలా నడపగలిగితే వేసుకోండి. హైవే మీద 66 కిలోమీటర్లు అలా నడపడం మీకు కుదరదేమో.

మధ్యరకం కూడా ఒకటుంది, రగ్గడ్ టెరైన్ అంటారు. భుజాల దగ్గర మడ్ టైరులా, నడుమ ఆల్ టెరైన్‌లా ఉంటుంది. మా అన్నయ్య బండికి వేశాం, బాగానే ఉంది. బరువు మాత్రం మడ్ టైరుకి దగ్గరగానే ఉంటుంది.


గాలిమర సమాధానం:

పదకొండేళ్లు టైర్లు బిగించే చోట పని చేశాను. రకం సంగతి పైన చెప్పేశారు. సైజు, గ్రేడు దగ్గర జనం ఎక్కువగా పొరపడతారు, అది నేను చెప్తాను.

ముందు 285/70. మీ 265/65 ఆర్17 టైరు మొత్తం ఎత్తు సుమారు 776 మిల్లీమీటర్లు. 285/70 ది 831. అంటే 7 శాతం పెద్దది. మీటరులో 100 కనిపిస్తుంటే బండి నిజంగా 107 లో పోతుంటుంది. నేల నుంచి బండి లేచేది మాత్రం పెరిగిన 55 లో సగం, 27 మిల్లీమీటర్లే. దానికోసం స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపలి ప్లాస్టిక్‌ని రాసుకోవడం, గేర్లు బరువెక్కడం, బ్రేకుల మీద భారం, ఇవన్నీ ఎందుకు? స్టెపినీ కూడా కింద దాని చోట పట్టకపోవచ్చు. పాత సైజే ఉంచండి. మరీ కావాలంటే 265/70, అది 803 వస్తుంది, మూడున్నర శాతం లోపే తేడా.

తర్వాత ఎల్‌టీ గ్రేడు. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్, బరువులు మోసే బండ్లకి చేసే రకం. ఆల్ టెరైన్‌లో ఒకే పేరుతో మామూలు రకం, ఎల్‌టీ రకం రెండూ దొరుకుతాయి. ఎల్‌టీలో సీ (C) అంటే 6 ప్లై (పొరల) రేటింగు, ఈ (E) అంటే 10. లోపల నిజంగా పది పొరలు ఉండవు, అది బలానికి గుర్తు మాత్రమే. ఈ (E) గ్రేడులో 80 పీఎస్ఐ దాకా గాలి పడుతుంది. వారానికి ఒకరోజు 400 కిలోలకి అంత టైరు అవసరం లేదు, ఖాళీ బండిలో ప్రతి గుంటా నడుముకి తెలుస్తుంది. మీ పాత టైరు మీద సైజు పక్కన 112 లాంటి అంకె ఉంటుంది. 112 అంటే ఒక్కో టైరు 1120 కిలోలు మోస్తుందని. కొత్తదానిలో ఆ అంకె అంతకి తగ్గకుండా చూసుకోండి. మామూలు రకం గానీ సీ గ్రేడు గానీ సరిపోతుంది. మీ మట్టిదారిలో పదునైన రాళ్లుంటే సీ తీసుకోండి, సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది. పక్కన చిరిగితే పంచర్ వేయడం కుదరదు కదా.

ఎల్‌టీ వేస్తే ఒక జాగ్రత్త. డోరు దగ్గర స్టిక్కరు మీద రాసిన గాలి కంపెనీ టైరుకి లెక్క. అంతే బరువు మోయడానికి ఎల్‌టీకి ఇంకాస్త ఎక్కువ గాలి కావాలి. స్టిక్కరు చూసి 35 కొట్టి పంపేస్తే ఏడాదిలో రెండంచులూ అరిగిపోయి వచ్చిన బండ్లు ఎన్నో చూశాను.

ఆ అంకె పక్కనుండే వేగం అక్షరం కూడా చూడండి. చాలా మడ్ టైర్ల మీద క్యూ ఉంటుంది, 160 కిలోమీటర్ల వేగం దాకా అని. ఎస్ అంటే 180, టీ అంటే 190. మంచు పడే చోట నడిపేవాళ్లు ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలు చూసి నమ్మకండి, అవి ట్రెడ్ ఆకారాన్ని బట్టి వేసేవి. మూడు శిఖరాల కొండలో మంచు రేకు గుర్తు ఉందంటే మంచు మీద పరీక్ష నెగ్గిందని.

టైరు పక్కన డాట్ (DOT) అని మొదలయ్యే కోడులో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2324 అంటే 2024 లో 23వ వారం. నాలుగు టైర్లకీ చూడండి. బిగించాక 100 కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ టార్క్ రెంచితో చూపించండి.


వెనకతొట్టి:

అన్నా, అక్కా, అందరికీ చాలా థాంక్స్. కూడలి సంగతి చదివాక మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. మడ్ టైర్ల ఆలోచన మానేశాం. పాత సైజులోనే ఆల్ టెరైన్, ఎల్‌టీ సీ గ్రేడు వేయించాను. దారిలో పగలగొట్టిన కంకర ఉంది, అందుకే సీ. నట్లు రెండోసారి చూపిస్తే ఒకటి నిజంగానే కొంచెం తిరిగింది అక్కా.

ఒక సందేహం. గాలి ఎంత పెట్టాలో కచ్చితంగా తెలుసుకునేదెలా? ప్రస్తుతం 40 లో ఉంది, ఖాళీ బండికి గట్టిగా అనిపిస్తోంది.


గాలిమర:

సుద్దముక్క తీసుకోండి. ట్రెడ్ మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లావుగా గీత గీయండి. సమంగా ఉన్న రోడ్డు మీద తిన్నగా ఒక వంద మీటర్లు పోయి దిగి చూడండి. నడుమ మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులు మాత్రమే చెరిగితే తక్కువ. ముందూ వెనకా విడిగా చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, 400 కిలోలు వేసినప్పుడు ఒకసారి చూసి, రెండు అంకెలూ డోరు లోపల రాసి పెట్టుకోండి. ఎంత గట్టిగా అనిపించినా ఎల్‌టీలో స్టిక్కరు అంకె కంటే కిందికి దించకండి.


వెనకతొట్టి:

చూశాను. ఖాళీ బండికి ముందు 39, వెనక 37 దగ్గర గీత సమంగా చెరిగింది. సామాను వేసినప్పుడు వెనక 44 కావాల్సి వచ్చింది.

నిన్న రాత్రి మొదటి పెద్ద వాన. పొద్దున వాగు పక్కకి చేరేసరికి నేల అంతా మెరుస్తోంది. ఆగి, నాలుగూ 22 కి దించి, ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ లాగేలా) రెండో గేరు వేసి, ఎక్కడా ఆగకుండా, చక్రం తిరగనివ్వకుండా పోయాను. నడుమ ఒకచోట వెనక భాగం జానెడు పక్కకి జరిగి మళ్లీ దారిలోకి వచ్చింది. అవతల దిగి చూస్తే అన్న చెప్పినట్టే గాళ్లన్నీ మట్టితో పూడిపోయి ఉన్నాయి. ఇంకో 200 మీటర్లు ఉంటే ఆగిపోయేవాణ్ణేమో. సాయంత్రం ఆ దారి వాడే మరో ఇద్దరితో మాట్లాడాను. పక్కన కాలువ తీసి, ఆ ముక్కలో రెండు లోడ్ల కంకర పోయించుకుందామని ముగ్గురం అనుకున్నాం. ఆదివారం కాలువ మొదలుపెడతాం.


బంకమట్టి:

కాలువ ముందు తీయండి, కంకర తర్వాతే. నీళ్లు నిలిచే చోట పోసిన కంకర నెలలోపే మట్టిలో కలిసిపోతుంది, మా పొలం దారిలో రెండుసార్లు అలాగే పోయింది.