టీకా గురించి రాసినందుకు మా ఫొటోలు పెట్టి తిడుతున్నారు, ఏటి చెయ్యాలి?

రాజాం అమ్మ: అక్కలూ, మన గ్రూపులో పిల్లలకి తొమ్మిది నెలలు నిండాక వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా గురించి రాసుకున్నాం కదా, టీకాలొద్దనే బ్యాచ్ అదంతా ఫేస్‌బుక్‌లో పెట్టీసింది, మా బాబు ఫొటో కూడా, కింద "బిడ్డల్ని చంపే తల్లులు" అని. రాత్రంతా తెలీని నంబర్ల నుంచి ఫోన్లు. మా అత్తగారు గ్రూపులోంచి వచ్చీమంటున్నారు.

టెక్కలి అక్క: రావద్దమ్మా. లింకు, నంబర్లు, టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచు, తర్వాత రిపోర్ట్ కొట్టు. జవాబివ్వకు, కామెంట్ పెట్టేకొద్దీ ఆ పోస్టు ఇంకా పదిమందికి పోతాది.

బొబ్బిలి నాన్న: సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళు, పిల్లల కేసులకి వేరే విభాగం ఉంది, అందులో పెట్టమ్మా. వద్దన్నా మగాడెవడైనా వెంటపడి మెసేజ్‌లు పెడితే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 78వ సెక్షన్ కింద నేరమే.

ఏఎన్‌ఎం, పాలకొండ: తట్టు ముదిరితే నిమోనియా, మెదడువాపు వస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతాది. టీకా వేసిన వారం పది రోజులకి కొందరికి కాస్త జ్వరం, దద్దుర్లు వస్తాయి, తగ్గిపోతాయి, అది దాచకుండా చెప్పాలి, దాస్తేనే జనం ఆ టీకాలొద్దనేవాళ్ళ మాట నమ్ముతారు. రెండో డోసు 16-24 నెలల మధ్య. గ్రూపులో భయపడి అడిగే తల్లుల్ని మాత్రం వాళ్ళతో కలిపి తిట్టకండి, మీ అత్తగారిని కూడా బుధవారం సబ్‌సెంటర్‌కి తీసుకురా తల్లీ, నేను మాట్లాడతాను.