కొరాబరేట్: బలమా, తోడా?

పాతఫైలు: అప్రూవర్ (నేరంలో తానూ పాలుపంచుకుని, తోటి నిందితుల మీద సాక్ష్యం చెప్పేవాడు) సాక్ష్యం గురించి పాత ఎవిడెన్స్ యాక్టులో ఒక వాక్యం ఉండేది కదా, నిన్నటి నుంచి నోట్లో నానుతోంది, పూర్తిగా రావట్లేదు. కొరాబరేట్ కాని, అంటే వేరే ఆధారమేదీ తోడు లేని సాక్ష్యంతో శిక్ష వేసినా చెల్లుతుందని ఒకచోట, కొరాబరేట్ కాకపోతే వాడి మాట నమ్మదగదని ఇంకోచోట చదివినట్టు గుర్తు. ఏది సరి? పనిలో పని, ఆ క్రియకి తెలుగులో ఏం రాస్తున్నారు? ‘ధ్రువీకరించు’ అంటే తహసీల్దారు ఆఫీసు వాసన కొడుతోంది.

సందుచివర వకీలు: రెండూ సరైనవే. 1872 చట్టంలో మొదటిది 133వ సెక్షన్, రెండోది 114 కింద (బి) ఉదాహరణ. మొదటిది చట్టం, రెండోది జడ్జి పాటించే జాగ్రత్త. దాని స్థానంలో వచ్చిన 2023 సాక్ష్య అధినియమం 138వ సెక్షన్‌లో ‘అన్‌కొరాబరేటెడ్’ కాస్తా ‘కొరాబరేటెడ్’ అయింది. ఒక్క ‘అన్’ ఎగిరిపోయింది, దాని మీద ఎన్ని వాదనలు నడుస్తాయో! ఇక ధ్రువీకరించడమంటే తేల్చేయడం. కొరాబరేషన్ ఏదీ తేల్చదు, ఉన్న మాటకు బలమిస్తుంది. ‘బలపరచు’ చాలు.

లాటిన్ పిచ్చి: బలమే, కానీ ఏ బలం? మూలం ‘రోబుర్’, అంటే ఓక్ చెట్టు, దాని గట్టి కలప, ఆపైన సత్తువ. రోబస్ట్ కూడా దాని చుట్టమే. ఒకప్పుడు ఇంగ్లీషులో ఒంటికి సత్తువనిచ్చే మందుని కొరాబరెంట్ అనేవారు. అచ్చం ఇదే దారిలో నడిచిన మాట మనకూ ఉంది: చేవ. మాను నడిమి గట్టి కర్రా చేవే, మనిషి దమ్మూ చేవే. నా ఓటు ‘చేవకూర్చు’కి.

గోంగూర శాస్త్రి: ‘నీ వాంగ్మూలానికి చేవ కూర్చు’ అని జడ్జిగారంటే సాక్షి వడ్రంగి దగ్గరికి పరుగెడతాడు. బలం చేకూర్చేదని చెప్పడానికి శుభ్రంగా ‘ఉపోద్బలకం’ ఉండగా ఈ కొత్త పుట్టింపులు దేనికండీ?

కొత్తమెంబరు: ముందున్న ‘కొర్’ అంటే గుండె కదా?

లాటిన్ పిచ్చి: కాదండీ. అది ‘కొమ్’, రకారం ముందు ‘కొర్’ అయింది. కరెక్ట్, కరప్ట్ చూడండి, అదే కథ. పేచీ దాని అర్థం దగ్గర. ‘కలిసి’ అనా, ఊరికే ‘బాగా’ అనా? నేను ‘బాగా’ పక్షం.

సందుచివర వకీలు: కోర్టులో మాత్రం ‘కలిసి’ పక్షమే గెలుస్తుంది మాస్టారూ. రెండో గొంతు కావాలి.

లాటిన్ పిచ్చి: మరి పాత చట్టం 157వ సెక్షన్? సాక్షి ఘటన జరిగినప్పుడో ఆ దరిదాపుల్లోనో అన్న మాటే ఇప్పటి సాక్ష్యానికి కొరాబరేషన్ అవుతుంది కదా. 1952లో రామేశ్వర్ కేసులో బాధితురాలైన పాప తన తల్లికి చెప్పిన మాటను సుప్రీంకోర్టు అలాగే తీసుకుంది. గొంతు ఒకటే!

సందుచివర వకీలు: ఆ మాట విన్న తల్లి కూడా బోనెక్కింది, మర్చిపోకండి.

గోంగూర శాస్త్రి: ఇవన్నీ నన్నయ ఎప్పుడో తేల్చాడు. శకుంతల సభకొచ్చి నిలబడితే దుష్యంతుడు ఎరగనన్నాడు. భారతంలో ఉంగరం లేదు, అది కాళిదాసు తెచ్చిన మెటీరియల్ ఎవిడెన్స్. ఇక్కడ బలపరిచింది ఆకాశవాణి. రాజుకి నిజం ముందే తెలుసు, లోకం నమ్మడానికే రెండో గొంతు కావాల్సొచ్చింది. ఇంతకంటే కొరాబరేషన్ ఏముంటుంది? పైగా ఆ ‘నుతజలపూరితంబులగు నూతులు నూఱిటికంటె’ పద్యం! వంద యాగాల కంటే కొడుకు మేలు, వందమంది కొడుకుల కంటే ఒక నిజం మేలు. ఒకే ఒక సూనృత వాక్యం, తోడు అడగని నిజం.

కొత్తమెంబరు: అందులో వంద నూతుల కంటే ఒక బావి మేలు అంటాడు కదా. రెండూ ఒకటే కాదా? మా ఊళ్లో నుయ్యి అన్నా బావి అన్నా ఒకటే.

గోంగూర శాస్త్రి: కాదు నాయనా. బావి సంస్కృత ‘వాపి’. మెట్లుండే దిగుడుబావి. చేద లేకపోయినా దాహం తీర్చుకోవచ్చు.

పాతఫైలు: అయ్యా, నా డ్రాఫ్టు రేపు పంపాలి. బలపరచు, ఉపోద్బలకం, చేవ... ఏది రాయను?

సందుచివర వకీలు: బలపరచు రాసేయండి. శాస్త్రిగారూ, తెలంగాణలో మోటబావి అంటాం, దానికి మెట్లుండాలని ఎక్కడుంది?

గోంగూర శాస్త్రి: మోటబావి ఇప్పటి వాడుక. నేను చెబుతున్నది నన్నయ నాటి మాట.

లాటిన్ పిచ్చి: దానికి ఉపోద్బలకం ఏదైనా చూపిస్తారా శాస్త్రిగారూ?