అప్‌డేట్: ఫెల్ట్ తీసేసి కార్క్ మ్యాట్ వేశాను

టర్న్‌టేబుల్‌తో వచ్చిన ఫెల్ట్ మ్యాట్ (రికార్డు ప్లేయర్‌లో రికార్డు కింద పరిచే నూగు గుడ్డ) మారిస్తే సౌండ్ బాగుపడుతుందా అని పోయిన నెల అడిగాను కదా, ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. 3 మిల్లీమీటర్ల మందం కార్క్ (బెరడు) మ్యాట్ కొని మూడు వారాలుగా వింటున్నాను.

మొదటి రోజు నిజంగా నిరాశపడ్డాను, పైస్థాయి స్వరాలు తగ్గి వయొలిన్లు మొద్దుగా వినిపించాయి. కారణం మ్యాట్ కాదు. కొత్తది పాతదానికన్నా మందం, రికార్డు పైకి లేచింది, దాంతో టోన్ ఆర్మ్ (సూదిని మోసే కడ్డీ) వెనకవైపు కిందికి వాలిపోయింది. ఆర్మ్ ఎత్తు పెంచి, సమాంతరంగా ఉందో లేదో చూసుకుని, చిన్న డిజిటల్ కాటాతో సూది రికార్డు మీద మోపే బరువు మళ్లీ 2 గ్రాములకు పెట్టాక (సూది ఉండే భాగం, అంటే కార్ట్‌రిడ్జ్, నాది విఎం95ఇ మోడల్) వయొలిన్లు మామూలుగా అయ్యాయి. మీ టర్న్‌టేబుల్‌లో ఆర్మ్ ఎత్తు మార్చే వీలు లేకపోతే మందపాటి మ్యాట్ కొనకండి.

అసలు లాభం స్టాటిక్‌లో (రాపిడి వల్ల పుట్టే విద్యుత్తులో) కనిపించింది. ఇదివరకు రికార్డు ఎత్తితే ఫెల్ట్ దానికే అతుక్కుని పైకి వచ్చేది, సగం దూరం వచ్చి టప్పున పడేది, దాని నూగంతా రికార్డుకి అంటేది. ఇప్పుడా గొడవ లేదు. నాన్నగారి ఘంటసాల పద్యాల రికార్డులో పద్యానికీ పద్యానికీ మధ్య చిటపటలు బాగా తగ్గాయి, గొంతు మాత్రం అప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. బేస్ పెరిగిందా అంటే నా చెవికి తెలియలేదు.